బొట్టులేని నిమ్మకాయ

"నేనే తొక్కినట్టున్న అమ్మా," అన్నాడు డానియేలు.

మహేశ్వరి చేస్తున్న పని ఆపి అతన్ని చూసింది. పోలీసు జీపు వెనక సీట్లో చెప్పులు లేకుండా కూర్చున్నాడు. చెప్పులు ఎవరూ లాక్కోలేదు, వాచిన పాదాలకు అవి పట్టడం మానేశాయి. దసరా నాడు ఇదే వాకిట్లో ఆయుధపూజ జరుగుతుంటే, చక్రాల కింది నిమ్మకాయలు తొక్కించడానికి ఆ ఇంటి డ్రైవరు డానియేలు కారును అంగుళం కదిలించబోయాడు. కారు ఒక్క దూకు దూకి, ఎదురుగా హారతి పళ్ళెం పట్టుకున్న ఇంటి యజమానురాలు లక్ష్మీకాంతమ్మను ప్రహరీ గోడకేసి నలిపేసింది. 'బ్రేకు మీది నుంచి కాలు తీసిన, అంతే, యాక్సిలరేటర్ ముట్టలే' అని మొదటి నుంచీ మొత్తుకున్నవాడు ఇవాళ ఈ కొత్త పాట ఎత్తుకున్నాడు.

"మొన్న తొక్కలే అన్నవు గదా?"

"అన్న. గని ఇంతమంది తొక్కినవ్ అంటుంటే తొక్కే ఉంట. సైతాను నా కాలుకు పట్టినట్టుంది. రాత్రంత ప్రార్థన చేసిన. దేవుడు గూడ నువ్వు కాదని చెప్పలే."

జాలిపడే తీరిక మహేశ్వరికి లేదు. తీరిక ఉన్నా అలవాటు తక్కువ. "దేవుడు సాక్ష్యం చెప్పనీకి కోర్టుకు రాడు డానియేలూ. నువ్వు గీ మాట జడ్జి ముందట అన్నవనుకో, నీ భార్య నాకు ఫోన్ చేసుడు బంద్ జేసి జైలు గేటు కాడ కూసునుడు షురూ చేస్తది. నోరు మూసుకొని కూసో," అంది.

మధ్యాహ్నం అతన్ని నయాపూల్ దగ్గరి కోర్టులో హాజరు పరచాలి. అక్కడ ఆ ఒక్క వాక్యం నోటినుంచి జారితే ఇక ఏ పరికరమూ అతన్ని బయటికి తేలేదు. డానియేలు భార్య పెట్టుకున్న లాయరు కాళ్ళావేళ్ళా పడితే కోర్టు ఈ ఒక్క పూట ఇచ్చింది. కారుకు పరికరం తగిలించి చూసుకోవచ్చు, ఒక్క స్క్రూ కూడా విప్పడానికి వీల్లేదు. సైదాబాద్‌లో రెండు గదుల డిటెక్టివ్ ఆఫీసు తెరవక ముందు మహేశ్వరి ఒక కార్ల కంపెనీ టెస్టింగ్ ల్యాబులో పనిచేసింది. అందుకే పెట్టెలో భూతద్దానికి బదులు, తీగల్లోని వోల్టేజిని తెర మీద గీతలుగా చూపే ఆసిలోస్కోప్ పెట్టుకుని వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ అంజన్ కారు బానెట్‌కు ఆనుకుని నవ్వుతున్నాడు. ఈ కేసు తన జేబులో పడిపోయిందని అతని నమ్మకం. ప్రమాదం జరిగిన పూటే మెకానిక్‌ను పిలిపించి స్కానర్ పెట్టించాడు. ఆ క్షణంలో యాక్సిలరేటర్ నూటికి నూరు శాతం తొక్కినట్టు కారే రికార్డు చేసుకుంది. ఆ ప్రింటు తీసి మహేశ్వరి ముఖం ముందు ఆడించాడు.

"బండే చెప్తున్నది మేడం. బండి అబద్ధం చెప్పదు గదా."

"బండి చెప్పలే సార్. బండిల ఎవరో చెప్పిన్రు, మీ స్కానర్ రాసుకున్నది," అంటూ ఆమె స్టీరింగు కింద తల దూర్చింది. "ఇంజనుకో కంప్యూటర్ పెట్టె, బ్రేకుకో పెట్టె, యాక్సిలరేటర్‌కో పెట్టె. అన్నీ మాట్లాడుకునేది మెలేసుకున్న గీ రెండు తీగల మీదనే. ప్రతి మాట ముందట మాట్లాడేటోడి పేరుంటది. యాక్సిలరేటర్ పేరు పెట్టుకొని ఎవడు మాట్లాడినా ఇంజను నమ్ముతది. మీ స్కానర్ గూడ నమ్మింది. పేరు ఎవడన్న చెప్పుకుంటడు. గొంతు మార్చుకోలేడు."

"గొంతు గుర్తుపట్టనీకి ఇదేమన్న ఖవ్వాలీనా?"

"కాదు. గుర్తుపట్టకపోతే మీరు ఇంకో ఇద్దరు డ్రైవర్ల కాళ్ళు వాయగొడ్తరు, అందుకని."

అంజన్ నవ్వు ఆగింది. చేతికి పని చెప్పలేని చోట అతనికి మాట కూడా సరిగ్గా రాదు. కానిస్టేబుల్ మీద అరిచి, జీపు నీడలోకి జరిగి నిలబడ్డాడు.

మహేశ్వరి రెండు తీగలకూ సూదుల్లాంటి ప్రోబులు తగిలించింది, మూడో క్లిప్పు కారు ఇనుముకు వేసింది. చక్రాలకు ముందూ వెనకా బండరాళ్ళు పెట్టించి, కారు ముందు నుంచి అందరినీ తప్పించి, అప్పుడు స్విచ్ ఆన్ చేసింది. తెర నిండా గీతలు పరుగెత్తాయి. తెల్లారుజామున మాదన్నపేట కూరగాయల మండీలో చెవి పెట్టినట్టే, అందరూ ఒకేసారి అరుస్తున్నారు, ఒక్క ముక్క అర్థం కాదు. దానికే ట్రిగ్గర్ ఉంది. యాక్సిలరేటర్ పేరు వినబడినప్పుడే తెర ఆగాలని పరికరానికి చెప్పింది. గోల అణిగింది. ఒకే ఒక్క మాట తెర మీద కుదురుగా నిలబడింది, మళ్ళీ మళ్ళీ, ఒకదాని మీద ఒకటి.

ఒక్కో పెట్టె తీగ మీదికి పంపే వోల్టేజి ఎత్తు ఒక్కో తీరుగా ఉంటుంది. ఇది రెండు వోల్టులు, అది కొంచెం ఎక్కువ, ఇంకొకటి అంచు వంకరగా ఎక్కుతుంది. దొంగ పెట్టె ఉంటే అదే పేరుతో ఇంకో ఎత్తున ఇంకో గీత పడాలి. మహేశ్వరి కళ్ళు ఆర్పకుండా చూసింది. వేలసార్లు పలికినా గీత మీద గీత అచ్చు గుద్దినట్టు కూర్చుంది. ఒకటే గొంతు. అసలు యాక్సిలరేటర్‌దే.

"అయిందా ఖవ్వాలీ?" అన్నాడు అంజన్ నీడలోంచి.

జీపులో డానియేలు కళ్ళు మూసుకున్నాడు. మహేశ్వరి మెడ మీద చెమట తుడుచుకుంది. తెలివైన దొంగ పట్టపగలు పాట పాడడు. ఎవడో పిలిస్తేనే లేచి, ఒక్క మాట అరిచి, మళ్ళీ పడుకునే పెట్టె అయితే దాన్ని లేపాలి. లేపేవాడెవడో తెలియకుండా ఎట్లా లేపడం?

ఆమె కారు దిగి వాకిలి చూడటం మొదలుపెట్టింది. శవాన్ని తియ్యడానికి వెనక్కి నెట్టడం తప్ప సంఘటన జరిగినప్పటి నుంచీ కారు కదల్లేదు, సీలు వేసి కానిస్టేబుల్ కాపలా పెట్టారు. టైర్ల కింద నలిగిన నాలుగు నిమ్మకాయలు అట్లాగే ఉన్నాయి. కుంకుమ బొట్టు మరక తొక్క మీద ఇంకా ఎర్రగానే ఉంది. గోడ మీద ఉన్న ఎరుపు మాత్రం కుంకుమ కాదు. ఎవరో కడగబోయి మధ్యలో ఓపిక లేక వదిలేశారు.

తూము దగ్గర ఆకుల కింద ఐదో నిమ్మకాయ దొరికింది.

అదీ టైరు కింద నలిగిందే, గాడి గుర్తులతో సహా. మిగతావాటికన్నా బాగా ఎండి నల్లబడింది. అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. దీనికి బొట్టు లేదు. పూజ నిమ్మకాయకు బొట్టు పెట్టకుండా చక్రం కింద పెట్టే ఇల్లు ఈ బస్తీలోనే ఉండదు. అంటే ఇది పూజకు పెట్టింది కాదు. పూజకు ముందు ఎవరో, దేవుడితో పని లేకుండా, కారు ఎంత దూకుతుందో కొలిచి చూసుకున్నారు. దాన్ని కవరులో వేసి అంజన్‌కు చూపిస్తే, నిమ్మకాయను ఏ సెక్షన్ కింద అరెస్టు చెయ్యాలో చెప్పమన్నాడు.

వసారాలో లక్ష్మీకాంతమ్మ భర్త కృష్ణయ్య సేటు కుర్చీలో కూలబడి ఉన్నాడు. మూడు తరాల ఇత్తడి హోల్‌సేల్, గొంతెత్తితే గుమాస్తాలు వణికేవారట. ఇప్పుడు ఆ గొంతు ఆయనకే వినబడటం లేదు. పక్కన చాప మీద కొడుకు వివేక్. తల్లికి కొరివి పెట్టినవాడు గనక తెల్లపంచెతో మూలన కూర్చున్నాడు, పదిరోజుల కర్మ అయ్యేదాకా గడప దాటకూడదు. నాన్న ఇత్తడి వద్దని నయాపూల్ దగ్గర కార్ల సామాన్ల షాపు పెట్టుకున్నాడు. సీటు కవర్లు, స్టీరియోలు, బండి ఎక్కడుందో ఫోన్లో చూపించే డబ్బాలు. అన్నీ దూరం పెట్టాడుగానీ ఫోన్ మాత్రం ఒళ్ళోనే ఉంది.

హారతి ఎప్పుడూ ఎవరిస్తారని మహేశ్వరి అడిగింది. ఆ ఇంటి పద్ధతి కృష్ణయ్యే చెప్పాడు. కోడలు అడుగుపెట్టాక బండ్లకు హారతి కోడలిదే. నిరుడూ అంతకుముందూ వివేక్ భార్య కీర్తిప్రియే ఇచ్చింది.

"మరి ఈసారి?"

కృష్ణయ్య నేల చూపులు చూశాడు. అంజన్ గొంతు సవరించుకుని, అదంతా స్టేట్‌మెంటులో ఉందన్నాడు. అమ్మాయి ఆ రోజు దూరం ఉందట. ఆడవాళ్ళ విషయం కాబట్టి తాను ఇంకేమీ అడగలేదన్నాడు, అదేదో మర్యాద అన్నట్టు. పోలీసుస్టేషన్లో మనిషి అరికాళ్ళు చూసినవాడికి ఈ ఒక్క చోట సిగ్గు ముంచుకొచ్చింది.

ఆ మాట అంటున్నప్పుడు మహేశ్వరి వివేక్‌ను చూసింది. అతని బొటనవేలు ఫోన్ అంచును గోకుతోంది. తల్లి పేరు వచ్చినప్పుడు గోకలేదు. హారతి ఎవరిదన్నప్పుడే మొదలుపెట్టింది.

అప్పుడామె ఒక పని చేసింది, అంత మంచి పని కాదు. కారు దగ్గరికి వెళ్ళి ట్రిగ్గర్ మార్చింది. పేరు తీసేసింది. బయటి నుంచి తగిలించిన డబ్బా కారు సొంత పెట్టెల కన్నా గట్టిగా అరుస్తుందని ల్యాబు రోజుల్లో చూసింది గనక, అసలు పెట్టెలు ఏవీ అందుకోలేని ఎత్తున ఒక గీత పెట్టింది. ఏ గొంతైనా ఒక్కసారి ఆ గీత దాటితే చాలు, తెర అక్కడే ఆగిపోవాలి, బీప్ మోగాలి. తర్వాత సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసి, వసారాకు వినబడేలా అంజన్‌తో అంది.

"లాయరు పంపిండు సార్. విప్పనీకి పర్మిషన్. ఛాయ్ తాగొచ్చి డాష్‌బోర్డు తీస్త. దొంగ పెట్టె లోపలనే ఉన్నది. దానికి జ్ఞాపకం మస్తుంటది, ఏ ఫోన్ నుంచి ఎవడేం చెప్పిండో అంత ఉంటది. సాయంత్రంలోపు చదివిస్త."

అంజన్ కాగితం కోసం చెయ్యి చాచాడు. ఆమె చూపిన కాగితం ఆసిలోస్కోప్ వారంటీ కార్డు. అది చదివి అతను నోరు తెరిచేలోపు, కళ్ళతోనే మూయించింది. అంజన్ క్రూరుడేగానీ మందబుద్ధి కాదు. వెళ్ళి వసారా మెట్టు మీద, వివేక్‌కు రెండు బారల దూరంలో, సిగరెట్ వెలిగించుకుని కూర్చున్నాడు.

మహేశ్వరి వంటింట్లోకి వెళ్ళింది. మైల ఇల్లు, పొయ్యి వెలగలేదు. పొరుగువాళ్ళు పంపిన గిన్నెలు మూతలు తియ్యకుండా అట్లాగే ఉన్నాయి. కిటికీ దగ్గర కీర్తిప్రియ నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం కాదు అది. బాగా నిద్రపోయి లేచిన ముఖం.

"అత్తమ్మ మంచిగ చూసుకునేదా?"

"చూసుకునేది అక్కా."

"పుట్టింటికి పంపేదా?"

కీర్తిప్రియ పక్కనున్న గిన్నె మూత సర్దింది. మహేశ్వరి గడపకు ఆనుకుని మామూలు కబుర్లలా అడుగుతూ పోయింది. పనిమనిషి కూడా బయట ఉన్న రోజుల్లో గేటు దాటి రాకూడదట కదా అంటే అవునంది. ఆ రోజుల్లో తను ముట్టుకున్న గ్లాసు కూడా అత్తమ్మ నాలుగుసార్లు కడిగించేదని కూడా చెప్పింది. పూజ పొద్దున పళ్ళెం ఎవరు సర్దారని అడిగితే తనే సర్దానంది. పసుపు, కుంకుమ, పూలు, కర్పూరం. వెలిగించింది కూడా తనే. అక్కడ ఆగిపోయింది, చీకట్లో మెట్టు తప్పినట్టు.

"నిప్పు లాంటి అత్తమ్మ," అంది మహేశ్వరి నెమ్మదిగా. "దూరం ఉన్న కోడలు వెలిగించిన పళ్ళెం, ఆరకముందే ఆ చేతుల్లకెళ్ళే తీసుకున్నదా?"

కీర్తిప్రియ పెదవులు కదిలాయి. అంతలో వాకిట్లో ఆసిలోస్కోప్ బీప్‌మంది.

మహేశ్వరి బయటికి వచ్చేసరికి అంజన్ సిగరెట్ నేల మీద ఉంది, అతని మోకాలు వివేక్ వీపు మీద ఉంది. చేతిలోంచి ఫోన్ గుంజేసుకున్నాడు. తెర మీద వివేక్ షాపులో అమ్మే డబ్బాల యాప్ ఇంకా తెరిచే ఉంది. 'మొత్తం చెరిపెయ్యి' అన్న మీట నొక్కి ఉంది, పని సగంలో ఆగి గిరగిరా తిరుగుతోంది. పాపం, చెరుపుకోవాలన్నా పెట్టె ముందు నిద్ర లేవాలి, లేవగానే తనకు నేర్పిన దొంగ పేరుతోనే తీగ మీద నోరు తెరుస్తుందన్న సంగతి అమ్మేవాడికి తెలియలేదు.

ఆసిలోస్కోప్ తెర ఆగిపోయి ఉంది. కారులోని గొంతులన్నీ కింద వరసగా ఉంటే, వాటి నెత్తి మీద పొడుగ్గా ఒక్క గీత లేచి నిలబడింది. పేరు చూస్తే యాక్సిలరేటర్. గొంతు పరాయిది.

అంజన్ చాలాసేపు చూశాడు. తప్పు ఒప్పుకోవడం అతనికి రాదు, దెబ్బ చోటు మార్చడం వచ్చు. వివేక్ జుట్టు పట్టి తల పైకి లేపి, తల్లిని చంపినవాడా అని, ముద్రించలేని మాట ఒకటి కలిపి, గట్టిగా అన్నాడు. ఆ చెయ్యీ, ఆ కోపమూ నిన్నటి దాకా డానియేలు మీదివి.

"అమ్మను కాదు!" అని కేక వేశాడు వివేక్. నోటికి అంటిన మట్టితోనే, వంటింట్లోంచి వచ్చి నిలబడ్డ భార్య వైపు చూశాడు. "అక్కడ నిలబడాల్సింది అమ్మ కాదు. అమ్మ ఎందుకు నిలబడ్డదో నాకు సమజ్ కాలే. నేను ఫోన్ నొక్కినంక తలెత్తి చూసిన."

విషయం ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది. వేరే పిల్లను చేసుకుంటానంటే ఈ ఇంట్లో విడాకుల మాట లేదని తల్లి తెగేసి చెప్పింది. ఈ కోడలు బతికుండగా ఇంకో కోడలు గడప తొక్కదు, అన్నది ఆమె ఆఖరి మాట. కొడుకు ఆ మాటలో సందు వెతుక్కున్నాడు. హారతి నాడు భార్య బంపరు ముందు ఎక్కడ నిలబడుతుందో, డ్రైవరు ఎప్పుడు బ్రేకు వదులుతాడో, ఎవరూ మార్చని పద్ధతి. అందుకే పండక్కి ముందు ఒక మధ్యాహ్నం, ఇంట్లో అందరూ పడుకున్నాక, బొట్టు పెట్టని నిమ్మకాయతో లెక్క సరిచూసుకున్నాడు.

కృష్ణయ్య కుర్చీలోంచి లేవబోయి లేవలేకపోయాడు. కొరివి పెట్టిన కొడుకు చేతుల వైపే చూస్తున్నాడు. కాసేపటికి కోడలిని దగ్గరికి పిలిచి, నువ్వన్నా దక్కినవ్ బిడ్డా అని తల మీద చెయ్యి పెట్టాడు. అంజన్ కూడా గొంతు తగ్గించి, అదృష్టవంతురాలివమ్మా అన్నాడు. అందరి జాలీ ఒక్కసారిగా ఆ పిల్ల మీద పడింది.

మహేశ్వరి జాలి మాత్రం కదల్లేదు. కవరులోని నిమ్మకాయను తీసి కీర్తిప్రియ అరచేతిలో పెట్టింది.

"ఆ మధ్యాహ్నం నువ్వు పడుకోలే గదా."

కీర్తిప్రియ నిమ్మకాయను చూసింది. తరవాత మామ చేతిని తల మీది నుంచి మెల్లగా తీసి ఆయన ఒళ్ళో పెట్టింది.

"మిద్దె మీద బట్టలు తీస్తున్న," అంది. "బండిల కూసొని ఫోన్ నొక్కుతున్నడు. బండి ఎగిరింది. నేను నిలబడే చోటికి అడుగులు ఏసి కొలుసుకున్నడు. అత్తమ్మ కాళ్ళ మీద పడ్డ అక్కా. ఏమని చెప్పలే, నన్ను మా ఇంటికి పంపున్రి అన్న. ఈ ఇంట్లకు వచ్చినోళ్ళు పాడె మీదనే పోవాలె అన్నది."

"పళ్ళెం ఏమని ఇచ్చినవ్?"

"పెద్దోళ్ళు మీరే ఇయ్యున్రి అత్తమ్మా, మీ చేతి చలువ అన్న. మస్తు ఖుషీ అయింది. నవ్వుకుంట తీసుకున్నది." కీర్తిప్రియ నిమ్మకాయను నేల మీద పెట్టింది. "పాడె మీదనే పోయింది. ఆమె మాటనే నిలబెట్టిన."

కృష్ణయ్య ఆమె తల మీద పెట్టిన చేతిని పంచెకు తుడుచుకున్నాడు. అంజన్ ఆమె వైపు ఒక అడుగు వేసి, ఏ సెక్షనో తోచక ఆగిపోయాడు. పెద్దల చేతికి హారతి పళ్ళెం ఇవ్వడం ఏ చట్టంలోనూ నేరం కాదు. కొడుకు గొంతు తీగ మీద దొరికింది. కోడలి గొంతు ఏ తీగ మీదా పడలేదు. దాన్ని పట్టుకునే ట్రిగ్గర్ మహేశ్వరి పెట్టెలోనూ లేదు. ఇప్పుడన్నదంతా అనలేదని రేపు కోర్టులో ఆ పిల్ల నిద్ర తీరిన ముఖంతోనే చెప్పగలదు.

జీపులో డానియేలు ఇదంతా విన్నాడు. ఎంత అర్థమయిందో ఏమో, చువ్వల మధ్య నుంచి మెల్లగా పిలిచాడు.

"అమ్మా, జర ఒక్క మాట చెప్పు. తొక్కింది నేను కాదు గదా?"

"కాదు డానియేలూ. నువ్వు బ్రేకు వదిలినవ్, అంతే."

అతను కిందికి వంగి, వాచిన కుడి పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇన్నాళ్ళూ రాత్రంతా దాన్నే తిట్టుకున్నాడు. ఇప్పుడు దాన్ని నిమురుతూ పెద్దగా ఏడుస్తుంటే, కానిస్టేబుల్ అంజన్ ముఖం చూడకుండానే జీపు తలుపు తీశాడు.